కుర్తీ కింద దాగే పిస్తోలు కోసం నాలుగు నెలలు

మాది డాలస్‌కి ఉత్తరాన, హైవే పక్కన ఒక గ్యాస్ స్టేషన్, దానికి అంటుకుని చిన్న కొట్టు. 2016లో కొన్నాం. పగలు మా ఆయన చూసుకుంటారు, సాయంత్రం నుంచి నేను. రాత్రి పదకొండింటికి లైట్లు తీసేసి, గల్లా లెక్కపెట్టి, వెనక తలుపుకి తాళం వేసి కారు దాకా నడవాలి. ముప్పై అడుగులు ఉంటుందేమో. ఏడేళ్లపాటు ఆ ముప్పై అడుగుల గురించి నేనేం ఆలోచించలేదు.

రెండు ఎగ్జిట్ల అవతల కొట్టు నడిపే మనవాళ్ల అన్నయ్య ఒకాయన ఉన్నాడు. ఒక రాత్రి మొహానికి గన్ పెట్టి గల్లా ఊడ్చుకుపోయారు. అడిగినదంతా ఇచ్చేశాడు, వాళ్లు పోయారు, ఒంటిమీద గీత కూడా పడలేదు. మర్నాడు చూడ్డానికి వెళ్తే, మాకు కాఫీ ఇస్తున్న ఆయన చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. సాసర్‌లోకి సగం ఒలికింది. తిరిగొస్తూ కార్లో నేను, "ఒక పిస్తోలు కొనుక్కుంటానండీ" అన్నాను. మా ఆయన బ్రేక్ వేసినంత పని చేశారు. "పిల్లాడున్న ఇంట్లోనా?"

రెండు వారాలు నడిచింది ఆ గొడవ. చివరికి మూడు షరతుల మీద ఒప్పుకున్నారు. ఇంట్లో ఉన్నంతసేపు సేఫ్‌లో ఉండాలి, సేఫ్ నంబరు మావాడికి తెలియకూడదు, గల్లా డబ్బు ఎవరడిగినా మారుమాట లేకుండా ఇచ్చేయాలి. మూడోది నేనే చెప్పాను. డబ్బుకి ఇన్సూరెన్స్ ఉంది. నా భయమల్లా ఆ ముప్పై అడుగుల గురించే. మొదటి రెండింటికీ టెక్సస్ చట్టం కూడా తోడుంది. గుళ్లు నింపిన తుపాకీని అజాగ్రత్తగా వదిలేసి, అది పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే ఇక్కడ నేరం. మావాడికి అప్పటికి పద్నాలుగు.

తుపాకీ అంటే నాకు కొత్త కాదు, అలాగని తెలుసనీ కాదు. మా పెదనాన్నకి అడవి పందుల కోసం లైసెన్సున్న ఒంటిగొట్టం తుపాకీ ఉండేది. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని దుప్పట్లో చుట్టుకుని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రశీదు తెచ్చుకునేవాడు. అయ్యాక మళ్లీ వెళ్లి తెచ్చుకునేవాడు. దాన్ని ఆయన కాల్చగా నేను చూడలేదు, నూనె రాయడం మాత్రం చూశాను. ఇక ఇక్కడికొచ్చాక వీసాల మీద ఉన్నన్నాళ్లూ ఆ ఊసే లేదు. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి, అంతే. సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లి ఫొటోలు పెట్టే మన కుర్రాళ్లు ఇది ముందు తెలుసుకుంటే మంచిది. మాకు గ్రీన్ కార్డు వచ్చాకే కొట్టు కొన్నాం, కాబట్టి నాకు ఆ అడ్డం లేదు.

మొదట వెళ్లిన గన్ షాపులో కౌంటర్ దగ్గరి పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, ఏం కావాలని కూడా అడక్కుండా, అరచేతిలో ఇమిడిపోయే అయిదు గుళ్ల రివాల్వర్ తీసి ముందు పెట్టాడు. గులాబీ రంగు పిడి. "ఆడవాళ్లంతా ఇదే కొంటారు" అన్నాడు. తేలిగ్గా, ముద్దుగా ఉంది. కొనేసేదాన్నే. ఆ రోజు కార్డు మర్చిపోయి రావడం నా అదృష్టం. తర్వాత రేంజ్‌లో అలాంటిదే అద్దెకి తీసుకుని కాల్చాను. మూడో గుండుకే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎర్రగా కమిలిపోయింది. తుపాకీ ఎంత తేలికైతే చేతిని అంత గట్టిగా తంతుంది. బరువే కదా ఆ తన్నుని సగం మింగేది! కొత్తగా నేర్చుకునే మనిషికి అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా తేలికైనది ఇవ్వడమంటే, ఈత రానివాణ్ణి నేరుగా నూతిలోకి దించడమే. అది ముద్దుగా ఉంటుంది కాబట్టి ఆడవాళ్లకి అంటగడతారు.

అక్కణ్ణుంచి మా ఆయన పాత ఉద్యోగం బుద్ధి నాకూ పట్టుకుంది. ఎక్సెల్ షీటు తెరిచాను. బ్యారెల్ (గొట్టం) పొడవు, ఎత్తు, మందం, బరువు, పిడిలోకి దూర్చే గుళ్ల పెట్టె, అంటే మ్యాగజైన్‌లో ఎన్ని రౌండ్లు (గుళ్లు), ధర. అన్నీ నైన్ ఎంఎం తూటా కాల్చేవే.

ఆ షీటు నింపుతుంటే ఒక సంగతి తెలిసింది. 2018కి ముందు, తర్వాత అని రెండు కాలాలున్నాయి వీటికి. అంతకుముందు సన్నటి పిస్తోలు కావాలంటే రౌండ్లు తగ్గేవి. 2012లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్‌లో ఏడెనిమిది, 2015లో వచ్చిన గ్లాక్ 43లో ఆరు. 2018లో సిగ్ సావర్ పీ365 వచ్చింది. అంగుళం మందం, 3.1 అంగుళాల బ్యారెల్, అర కేజీ బరువు, అయినా మ్యాగజైన్‌లో పది. తూటాలు ఒకదాని మీద ఒకటి నిలువుగా కాకుండా కొంచెం అటూ ఇటూ జరిగి, సంచిలో కొబ్బరికాయలు సర్దుకున్నట్టు కూర్చుంటాయి అందులో. దాని వెంట అందరూ పడ్డారు. 2019లో గ్లాక్ 43ఎక్స్ పదితో, స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్ పదకొండుతో, 2021లో షీల్డ్ ప్లస్ పొట్టి మ్యాగజైన్‌లో పది, పొడుగు దాంట్లో పదమూడుతో వచ్చాయి. వీటన్నిటికీ పెద్దన్న గ్లాక్ 19. నాలుగంగుళాల బ్యారెల్, పదిహేను రౌండ్లు, 1988 నుంచి ఉంది.

షీటు ప్రకారం పీ365 గెలిచింది. చిన్నది, సన్నది, పది రౌండ్లు. ఇంకేం కావాలి? హెల్‌క్యాట్‌లో ఒకటి ఎక్కువే అయినా, ఆ ఒక్క రౌండు కోసం ఆలోచించడం నాకు అత్యాశ అనిపించింది.

ఈ షీటు పట్టుకుని ట్రైనింగ్‌కి వెళ్లాను. మా టీచరమ్మ అరవై దాటిన తెల్లావిడ, ముప్పై ఏళ్లు పోలీసులో చేసింది. నా షీటు కళ్లద్దాలు పైకెత్తి మరీ చదివింది. "బాగుంది. ఇందులో నీ చెయ్యి ఏ కాలమ్‌లో ఉంది?" అంది.

నా చెయ్యి సంగతి అప్పుడే బయటపడింది. ఖాళీ పిస్తోలు ఇచ్చి స్లైడ్ వెనక్కి లాగమంది. పైన ఉండే ఆ లోహపు కప్పుని వెనక్కి లాగి వదిలితేనే మొదటి గుండు లోపలికి ఎక్కుతుంది. బొటనవేలు, చూపుడువేలితో వెనక చివర పట్టుకుని లాగాను. అర అంగుళం కదిలి ఆగిపోయింది. మళ్లీ లాగాను. గోరు విరిగింది. మణికట్టు నొప్పి నాకు కొత్త కాదు, స్కానర్ తిప్పీ తిప్పీ వచ్చింది. ఇక మనవల్ల కాదనుకున్నాను.

సరిగ్గా నాలాంటి వాళ్ల కోసమే ఒక పిస్తోలుందని అక్కడే తెలిసింది. షీల్డ్ ఈజీ. పేరులోనే ఉంది. 2018లో .380 అనే కాస్త బలం తక్కువ తూటాకి, 2020లో నైన్ ఎంఎంకి తెచ్చారు. స్లైడ్ మెత్తగా వస్తుంది, మ్యాగజైన్ పక్కన ఒక చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని కిందికి నొక్కి పట్టుకుంటే గుళ్లు సులువుగా దిగుతాయి. పిడి వెనక ఇంకో మీట, చేత్తో గట్టిగా పట్టుకుంటేనే పేలుతుంది. రెండు వేళ్లతో లాగాను, వచ్చేసింది. ఎనిమిది రౌండ్లే, మిగతావాటికన్నా కాస్త పెద్దది. అయితేనేం అనుకుని షీటులో పీ365ని కొట్టేసి దీన్ని పైన రాశాను.

టీచరమ్మ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. "కొనేముందు రెండు వారాలాగు" అని, ఇంట్లో నేను చేయాల్సింది చూపించింది. పిస్తోలుని ఛాతీకి దగ్గరగా తెచ్చుకోవాలి, గొట్టం మాత్రం ఎప్పుడూ ఎదురుగోడ వైపే, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా. ఎడమచేతి నాలుగువేళ్లూ, అరచెయ్యీ కలిపి స్లైడ్‌ని పైనుంచి కప్పి పట్టుకోవాలి. లాగేది ఎడమచెయ్యి కాదు. ఎడమచెయ్యి గట్టిగా అక్కడే ఉంటుంది, కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్యాలి. నాకు వెంటనే మా అమ్మ ఆవకాయ జాడీ గుర్తొచ్చింది. బిగుసుకుపోయిన మూతని వేళ్లతో తిప్పితే రాదు, అరచెయ్యి మొత్తం ఆనించి, రెండో చేత్తో జాడీని అటువైపు తిప్పాలి. అంతే ఇది. మూడో ప్రయత్నానికి స్లైడ్ టక్కుమని చివరిదాకా వచ్చింది. అదే పిస్తోలు, అదే మణికట్టు.

రెండు వారాల తర్వాత రేంజ్‌లో ఉన్న అన్ని పిస్తోళ్ల స్లైడ్లూ లాగగలిగాను. ఇన్నాళ్లూ బలం లేదనుకున్నది పట్టు తెలియకపోవడమే. దాంతో షీల్డ్ ఈజీ కొనడానికున్న ఒకే ఒక్క కారణం పోయింది. మోకాళ్లలాగే వేళ్లూ అరిగిన మా అత్తయ్య వయసు వాళ్లకైతే నేను ఇప్పటికీ అదే చెప్తాను.

ఆ రేంజ్‌లో ఒకసారి ఫీజు కడితే రోజంతా పిస్తోళ్లు మార్చుకుంటూ కాల్చొచ్చు, గుళ్లు మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి. ఒక శనివారం కొట్టు ఆయనకి అప్పజెప్పి, నాలుగు పిస్తోళ్లు, రెండువందల గుళ్లు పెట్టుకుని కూర్చున్నాను. ఏడు గజాల దూరంలో కాగితపు గురి. ప్రతి దాంతో యాభై.

గ్లాక్ 19తో మొదలుపెట్టాను. ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు. మూడు వేళ్లూ పిడి మీద కూర్చున్నాయి, తన్ను నెమ్మదిగా, తోసినట్టుగా వచ్చింది. యాభైలో నలభై పైగా అరచేయంత వలయంలో పడ్డాయి. నేను గొప్ప షూటర్ననుకున్నాను.

పీ365 పట్టుకున్నాక ఆ భ్రమ పోయింది. దాని తప్పేం లేదు. పిడి పొట్టి కావడంతో నా చిటికెనవేలు గాల్లో వేలాడింది, పేలిన ప్రతిసారీ పిడి చేతిలో తిరిగింది, నేను ముందే బెదిరి మణికట్టు కిందికి వంచేస్తున్నాను. గుళ్లన్నీ కింద ఎడమవైపు పడ్డాయి. ఒకసారి పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి పోకుండా స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కుని, పొయ్యి గొట్టంలా నిలబడింది. దీన్ని వాళ్లూ అదే పేరుతో పిలుస్తారు, స్టవ్‌పైప్ అని. తుపాకీ పాడైందనుకున్నాను. టీచరమ్మ అదే పిస్తోలు తీసుకుని ఒక్క ఊపున మ్యాగజైన్ ఖాళీ చేసి చూపించింది. చెయ్యి గట్టిగా నిలిస్తేనే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్తుంది, చేయీ దాంతోపాటు వెనక్కి పోతే మధ్యలోనే ఆగిపోతుందట. పిస్తోలు చిన్నదైనకొద్దీ ఇలాంటి తప్పుల్ని తక్కువగా క్షమిస్తుంది.

43ఎక్స్, షీల్డ్ ప్లస్ ఈ రెండింటి మధ్యలో పడ్డాయి. రెంటితోనూ ముప్పై అయిదుకి అటూ ఇటూ వలయంలో వేశాను. ట్రిగ్గర్ షీల్డ్ ప్లస్‌ది నా వేలికి నచ్చింది, ఎంత నొక్కితే పేలుతుందో ముందే తెలుస్తుంది. పిడి 43ఎక్స్‌ది నచ్చింది, చిటికెనవేలికీ చోటుంది. ఆ సాయంత్రం 43ఎక్స్ కొనేద్దామని నిర్ణయించుకుని ఇంటికొచ్చాను. మూడో నిర్ణయం అది!

దాన్ని మార్చింది కొట్టులోని కూలర్.

కొట్టులో నేను వేసుకునేది కుర్తీ, లెగ్గింగ్సు. అందులో బెల్టెక్కడ? మగవాళ్ల కోసం తయారుచేసిన పిస్తోలు ఒరలు, అంటే హోల్‌స్టర్లన్నీ గట్టి బెల్టుంటుందనే లెక్కతో ఉంటాయి. పర్సులో పెట్టుకుందామన్నది నా మొదటి ఆలోచన, దాని కోసమే అర ఉన్న పర్సులు కూడా దొరుకుతాయి. టీచరమ్మ వినగానే మొహం గంటు పెట్టుకుంది. 2014 డిసెంబరులో ఐడహోలో ఒక స్టోర్లో, తల్లి పర్సులోని పిస్తోలు రెండేళ్ల కొడుకు చేతికి చిక్కి పేలింది. ఆ తల్లి అక్కడికక్కడే పోయింది. అది విన్నాక పర్సు మాట మళ్లీ ఎత్తలేదు. బెల్టుతో పనిలేకుండా నడుముకి కట్టుకునే పట్టీలున్నాయి, దానికి ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్ బిగిస్తారు. కుర్తీ లోపల వడ్డాణం కట్టుకున్నట్టే. పెళ్లిలో అయిదు గంటలు వడ్డాణం మోసిన నడుము, ఇదెంత?

టీచరమ్మ దగ్గర 43ఎక్స్‌కీ, షీల్డ్ ప్లస్‌కీ రబ్బరు బొమ్మలున్నాయి, అచ్చు అదే కొలతలతో. అవి అడిగి తెచ్చుకుని, ఒక్కోటి రెండు రోజులు కుర్తీ కింద కట్టుకుని పనిచేశాను. నిలబడితే రెండూ కనిపించలేదు. కూర్చున్నా పర్వాలేదు. కూలర్ కింది అరలో పాల డబ్బాలు సర్దడానికి వంగినప్పుడు మాత్రం, 43ఎక్స్ పిడి అడుగుభాగం కుర్తీని గుడారంలా పైకెత్తింది. మా ఆయన గల్లా దగ్గర్నుంచే "కనబడుతోంది" అన్నారు. బట్ట మీద ఇలా ఆకారం అచ్చుపడటాన్ని ఇక్కడివాళ్లు ప్రింటింగ్ అంటారు.

షీటు మళ్లీ తెరిచి చూస్తే జవాబు అక్కడే ఉంది, నేనే చూడలేదు. 43ఎక్స్ సన్నగా ఉంటుందే కానీ ఎత్తు మాత్రం పెద్దన్న గ్లాక్ 19 అంతే, అయిదంగుళాల పైమాట. షీల్డ్ ప్లస్ 4.6 అంగుళాలు. నేనేమో ఇన్ని రోజులూ బ్యారెల్ పొడవులో దశాంశాల తేడాలు లెక్కేసుకుంటూ కూర్చున్నాను. బ్యారెల్ నడుము లోపలికి, కిందికి పోతుంది, అరంగుళం పెరిగినా ఎవరికీ తెలియదు. బయటికి పొడుచుకొచ్చేది పిడి. దాచడం కష్టమయ్యేది ఆ చివరి అరంగుళం దగ్గరే, చేతికి హాయినిచ్చేదీ ఆ అరంగుళమే. రెండూ ఒకేచోట ఉన్నాక ఇక బేరం తప్పదు.

షీల్డ్ ప్లస్ తీసుకున్నాను, బొటనవేలితో నొక్కే సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) ఉన్న రకం. ఆ సేఫ్టీ అక్కర్లేదని టీచరమ్మ, ఉండాల్సిందేనని నేను. కడుపు ముందు గుళ్లు నింపిన పిస్తోలు పెట్టుకునేది నేను కదా. ఒంటిమీద ఉన్నప్పుడు పొట్టి మ్యాగజైన్, రేంజ్‌లో చిటికెనవేలికి చోటిచ్చే పొడుగుది.

కొనే రోజు ఇంకో తమాషా. ఫారం 4473 అని ఫెడరల్ ప్రభుత్వానిది ఒకటుంటుంది, నింపాలి. ఈ తుపాకీ నిజంగా మీ కోసమేనా అని మొదట్లోనే అడుగుతుంది. మా ఆయన డబ్బు కట్టబోతుంటే షాపులో కుర్రాడు ఆపి, కొనేది ఎవరో వాళ్లే ముందుకి రావాలన్నాడు. నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పెట్టెలో పట్టలేదు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఒక తీరు, గ్రీన్ కార్డు మీద ఇంకో తీరు. గ్రీన్ కార్డు నంబరు కూడా వేయించి నేరచరిత్ర తనిఖీకి పంపితే, "డిలేడ్" అని జవాబొచ్చింది. కొట్టేయలేదు, ఒప్పుకోలేదు, ఆగమని. కౌంటర్ దగ్గర ఇంకో ఇద్దరు నావైపు చూశారు. నేనేదో ఘోరం చేసినట్టు ముడుచుకుపోయాను. మూడో రోజుకి సరే అని వచ్చింది. నాలాంటి పొడుగు పేర్ల వాళ్లు మొదటి రోజే తెచ్చుకోగలమని ఆశ పెట్టుకోకండి.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండానే చాలామంది పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. అయినా నేను లైసెన్సు తీసుకున్నాను. నలభై డాలర్ల ఫీజు, వేలిముద్రలు, నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు. మా కొట్టుకి వెళ్లే దారి స్కూలు పక్కనుంచే. స్కూలుకి వెయ్యి అడుగుల లోపు తుపాకీ గురించి ఫెడరల్ చట్టం వేరే ఉంది, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉంటే ఆ తలనొప్పి తగ్గుతుంది. పరీక్షకి యాభై గుళ్లు: మూడు గజాల నుంచి ఇరవై, ఏడు నుంచి ఇరవై, పదిహేను నుంచి పది. 250కి 175 వస్తే చాలు. నాకు 231 వచ్చాయి. మావాడు "అమ్మా, నీకు మ్యాథ్స్‌లో కూడా ఇన్ని వచ్చుండవు" అన్నాడు. నిజమే.

లైసెన్సు వచ్చాక నాకు కొత్తగా కనబడటం మొదలైనవి బోర్డులు. 30.06, 30.07 అని అంగుళం ఎత్తు అక్షరాలతో, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రాసి తలుపుల దగ్గర పెడతారు, తుపాకీతో లోపలికి రావద్దని. పదేళ్లుగా ఆ తలుపులు తోసుకుంటూ తిరిగాను, ఒక్కరోజూ చదవలేదు. మేం వెళ్లే గుడి దగ్గరా ఉంది. కాబట్టి శనివారం పూట కారు సీటు కింద తీగతో కట్టేసిన ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తాను, తర్వాత గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తాను. రెండింట్లో దేని గురించి ఎక్కువ ఆలోచిస్తూ ప్రదక్షిణలు చేస్తానో చెప్పను.

ఇప్పటికి ఏడాదిన్నరైంది. ఆ ముప్పై అడుగులూ రోజూ నడుస్తూనే ఉన్నాను, పిస్తోలు ఒక్కసారి కూడా హోల్‌స్టర్ దాటి రాలేదు. నెలకోసారి రేంజ్‌లో తప్ప. చేతిలో ఉన్న కుర్తీలు మాత్రం సగం పనికిరాకుండా పోయాయి, నడుము దగ్గర బిగుతని. మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు, మా అమ్మ టైలర్ దగ్గర పది కుట్టించాను. నడుము దగ్గర రెండంగుళాలు వదులు పెట్టమన్నాను. టేపు పట్టుకుని కొలిచి, మళ్లీ కొలిచి, "ఒళ్లు తగ్గిందిగా అమ్మా, ఇంకా వదులెందుకు?" అన్నాడు.

"అక్కడ చలెక్కువండీ, లోపల ఏవో వేసుకుంటాం" అన్నాను.